శనివారం ఇనుము

రాజగోపాల్ ఏ వస్తువు కొనాలన్నా ముందు దానికి పెళ్లిచూపులు జరగాల్సిందే. ఎడిసన్‌లో ఇల్లు కొనడానికి ఏడాదిన్నర పట్టింది. కారుకు ఎనిమిది నెలలు. రొట్టె కాల్చుకునే టోస్టర్‌కి ఆరు వారాలు పట్టిందంటే, ఆ ఆరు వారాలూ విసుక్కోకుండా చూస్తూ ఊరుకున్న వసుమతి ఓర్పు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి 1983లో, నలభై నాలుగో ఏట, కత్తులు చేసుకోవడానికి ఒక బెల్ట్ గ్రైండర్ కొనాలని నిశ్చయించుకున్నాడు. చవకగా ఉండాలి, మంచిదై ఉండాలి. ఈ రెండూ ఒకచోట దొరికే వస్తువు లోకంలో ఎక్కడో ఉంటుందని అతని నమ్మకం.

చేసే ఉద్యోగం కూడా ఆ స్వభావానికి తగినదే. నీళ్ల పంపులకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. ఎవరో చేసిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలవడం, కొలత తప్పితే ఎర్రచీటీ కట్టి పక్కన పెట్టడం. చీరాలలో పుట్టి, ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, 1971లో న్యూజెర్సీలో దిగిన దగ్గర్నుంచి అదే పని. రోజంతా చెమటోడ్చి చేసినదానికి ఎర్రచీటీ కట్టేవాడిని ఎవడు ప్రేమిస్తాడు? ఎవరూ ప్రేమించలేదు. ద్వేషించనూ లేదు. గోడ మీద గడియారంలాగా అతనూ ఆ ఫ్యాక్టరీలో ఉండేవాడు, అంతే.

చేరిన మొదటి నెలలో లంచ్ గదిలో ఒక సంగతి జరిగింది. అతను డబ్బా మూత తీయగానే గోంగూర పచ్చడి వాసనకు పక్కనున్నవాడు ఏదో అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఏమన్నాడో రాజగోపాల్‌కి సరిగా అర్థం కూడా కాలేదు. మర్నాటి నుంచి ఆ పొడవాటి బల్లకు చిట్టచివర, గోడవైపు కుర్చీ అతనిదైంది. పావుగంటలో తినేసి లేచిపోయేవాడు. ఆనాడు నవ్వినవాళ్లలో సగంమంది రిటైరై వెళ్లిపోయినా కుర్చీ మాత్రం మారలేదు. ఇంత చిన్నదానికి అంత పట్టింపు ఏమిటని అనేవాళ్లు ఉంటారు. నవ్వులపాలైనవాడికి అది చిన్నది కాదు.

ఫ్యాక్టరీలో అతనితో నాలుగు మాటలు మాట్లాడిన మనిషి ఒక్కడే. టూల్‌రూమ్ పెద్ద, పోలిష్ కుటుంబంలో పుట్టిన స్టాన్. ఒకసారి రాజగోపాల్ స్టాన్ చేసిన ముక్కకే ఎర్రచీటీ కట్టాడు. చూస్తున్నవాళ్లంతా పెద్ద గొడవ అవుతుందనుకున్నారు. స్టాన్ తన మైక్రోమీటర్ తెచ్చుకుని మళ్లీ కొలిచి, "నువ్వు చెప్పిందే కరెక్ట్," అని ఆ ముక్కను తన చేత్తోనే చెత్తడబ్బాలో పడేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ కుదిరింది. అరవై దాటిన స్టాన్‌కి ఇంటి గ్యారేజ్‌లో కత్తులు చేయడం సరదా. ఓ రోజు విరిగిన పవర్ రంపపు బ్లేడు ముక్క ఒకటి రాజగోపాల్ చేతిలో పెట్టి, "ఎంతసేపూ కొలవడమేనా? ఏదైనా చేసి చూడు," అన్నాడు.

ఆ మాట సూటిగా ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రాజగోపాల్ రెండు నెలలపాటు సాయంత్రాలు గ్యారేజ్‌లో కూర్చుని ఆ ముక్కను ఆకురాయితో అరగదీశాడు. అరచేతుల్లో బొబ్బలు లేచాయి, పగిలాయి, కాయలు కట్టాయి. చివరికి కత్తి తయారైంది. వాల్‌నట్ చెక్క పిడి, మూడు ఇత్తడి మేకులు, చూడ్డానికి అందంగానే ఉంది. దాన్ని వసుమతికి ఇచ్చాడు. ఇచ్చాడంటే చేతికివ్వలేదు, వంటగట్టు మీద పెడితే ఆమె తీసుకుంది. చేతికి చేతికి కత్తి ఇస్తే గొడవలొస్తాయి కదా.

ఆమె దాంతో బెండకాయలు తరిగింది. తరిగింది అనడం మర్యాదకు. నలిపింది.

"ఏమండీ, కూరకు పనికిరాదు గానీ కొబ్బరికాయ కొట్టడానికి బ్రహ్మాండంగా ఉంటుంది," అంది. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే మనిషి, రిపోర్టు ఉన్నదున్నట్లు ఇవ్వడం ఆమెకు అలవాటు.

"ఆకురాయితో అంతకంటే పలచన రాదు," అన్నాడు రాజగోపాల్.

"ఆడలేక మద్దెల ఓడన్నారట," అంది వసుమతి, రెండో బెండకాయ అందుకుంటూ.

ఈ విషయంలో మాత్రం మద్దెలది కూడా కొంత తప్పు ఉంది. కత్తి వెన్ను నుంచి వాదర, అంటే పదునంచు, దాకా రెండువైపులా ఒకే వాలుగా పలచబడుతూ రావాలి. ఆకురాయి పట్టిన చెయ్యి అలిసేకొద్దీ ఆ వాలు వంకరపోతుంది. సంగతి విన్న స్టాన్, "ఆకురాయితోనే చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పొద్దున్నే వెళ్లాల్సిన ఉద్యోగం ఉండదు. నీకు గ్రైండర్ కావాలి," అని తేల్చేశాడు.

ఇక పెళ్లిచూపులు మొదలయ్యాయి. బెల్ట్ గ్రైండర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు మూడు చక్రాల మీద గరుకు పట్టీ ఒకటి గిరగిరా తిరుగుతుంటుంది. దానికి ఉక్కును ఆనిస్తే అరుగుతుంది. కాని ఆ పట్టీ వెడల్పు ఎంత, పొడవు ఎంత, మోటారు బలమెంత, చక్రాలు వణకకుండా తిరుగుతాయా, పట్టీ వెనకాల ఆన్చిన ఇనుప పలక చదునుగా ఉందా అని చూడ్డం మొదలుపెడితే అంతే లేదు. రాజగోపాల్ కేటలాగులు తెప్పించాడు. పెన్సిల్‌తో గళ్లు గీసి ఒక్కో మెషిన్‌కి నూటికి ఇన్నని మార్కులు వేశాడు.

"మెషిన్‌ని కాదు, ముందు బెల్టును చూడు," అని స్టాన్ హెచ్చరించాడు. "నీ మెషిన్‌కి సరిపోయే బెల్టు నాలుగు రకాల గరుకుల్లో, ఎప్పుడంటే అప్పుడు దొరకాలి. లేకపోతే ఎంత గొప్ప మెషిన్ అయినా తలుపుకు అడ్డం పెట్టుకోవడానికే."

కత్తుల పనివాళ్లు వాడే అసలైన గ్రైండర్ బెల్టు రెండంగుళాల వెడల్పు, డెబ్బై రెండు అంగుళాల పొడవు. దానికి రాజగోపాల్ తొంభై మూడు మార్కులు వేశాడు. ధర చూసి కేటలాగు మూసేశాడు. అవతలి చివర, అంగుళం వెడల్పు పట్టీతో బల్ల మీద కూర్చునే చిన్న మెషిన్ ఒకటి ఉంది. తొంభై డాలర్లలోపు వస్తుంది. దాన్ని పరీక్షించడానికి అతను ఓ ఉక్కు ముక్క జేబులో వేసుకుని షాపుకు వెళ్లాడు. సేల్స్‌మన్ స్విచ్ వేయగానే జేబులోంచి ముక్క తీసి బలంగా అదిమిపెట్టాడు. మెషిన్ మూలిగి ఆగిపోయింది. సేల్స్‌మన్ మెషిన్‌నీ, ముక్కనూ, రాజగోపాల్‌నీ మార్చి మార్చి చూసి, "సార్, దయచేసి బయటికి వెళ్తారా," అన్నాడు. ఆ మెషిన్‌కి నలభై ఒక్క మార్కులు పడ్డాయి.

జాబితాలో అన్నిటికంటే కింద, కొనడానికి లేని మెషిన్ ఒకటి ఉంది. స్టాన్ గ్యారేజ్‌లోది. పాత మోటారు, తానే లేత్ మీద తోడెం పట్టిన చక్రాలు, రబ్బరు తొడిగిన పెద్ద ముందు చక్రం, అన్నీ స్టాన్ చేతిపనే. దానికి తొంభై ఏడు. కావాలని కోరుకునేవాడు వేసిన మార్కులు కావు అవి, నిజంగా కొలిచి వేసినవి.

ఆ శీతాకాలమంతా రాజగోపాల్ ప్రతి శనివారం పావుగంట దూరంలో ఉన్న స్టాన్ గ్యారేజ్‌కి వెళ్లి ఆ మెషిన్ మీదే పని నేర్చుకున్నాడు. చేతులకు గ్లవ్స్ వేసుకోనివ్వలేదు స్టాన్. ఉక్కు వేడెక్కితే వేళ్లకు తెలియాలి, వేళ్లు ఓర్చుకోలేనప్పుడు ముక్కను నీళ్ల బకెట్లో ముంచాలి. అశ్రద్ధ చేస్తే వాదర దగ్గర నీలిరంగు తిరుగుతుంది. ఒకసారి నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు చచ్చినట్లే, ఇక పదును నిలవదు. రాజగోపాల్ మూడు కత్తుల్ని అలా చంపాక నాలుగోది బతికింది. పని ముగిశాక మాత్రం కత్తిని అక్కడే బల్ల మీద పెట్టేసి వెళ్లేవాడు. సోమవారం స్టాన్ దాన్ని ఫ్యాక్టరీకి తెచ్చిచ్చేవాడు. ఎందుకలా అని స్టాన్ అడగలేదు, ఇతను చెప్పలేదు.

కారణం ఉంది. శనివారం ఇనుము ఇంటికి తేకూడదు. ఈ మాట చీరాలలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఉప్పు, నూనె, ఇనుము ఆ రోజు గుమ్మం దాటి లోపలికి వచ్చాయంటే వాటి వెనకాలే శనిదేవుడు కూడా వస్తాడు. రాజగోపాల్‌ని అడిగితే ఇవన్నీ తను నమ్మననే చెప్పేవాడు. నమ్మేవాడు కూడా కాదేమో. కాని అతనిది తులారాశి. అప్పటికి ఏలినాటి శని నడుస్తోంది, అదీ నడిమి రెండున్నరేళ్ళు. ఒళ్లు జాగ్రత్తగా పెట్టుకోమని మేనత్త మీనాక్షి ప్రతి ఉత్తరంలోనూ రాసేది. నమ్మకం లేకపోయినా నష్టం ఏముంది, ఒక్క రోజు ఆగితే పోలేదా అన్నది అతని లెక్క. ఇలాంటి లెక్కలు వేసేవాళ్లే అసలు నమ్మేవాళ్లకంటే గట్టిగా పాటిస్తారు.

1984 మే మొదటి వారంలో, ఓ గురువారం నాడు, స్టాన్ అతన్ని టూల్‌రూమ్‌లోకి పిలిచాడు. స్టాన్ రిటైరవుతున్నాడు. ఇల్లు అమ్మేశాడు. ఆదివారం తెల్లవారుజామున భార్యతో ఫ్లోరిడాకు ప్రయాణం.

"గ్రైండర్ అక్కడికి మోసుకుపోలేను," అన్నాడు స్టాన్. "చాలామంది అడిగారు. నీకు తప్ప ఎవరికీ ఇవ్వబుద్ధి కావడంలేదు. నూట యాభై ఇయ్యి. శనివారం కారు తీసుకుని రా, ఇద్దరం ఎక్కిద్దాం."

రాజగోపాల్‌కి కళ్లు చెమర్చినంత పనైంది. మెషిన్ ఒక్కటే కాదు. పన్నెండేళ్లు ఇతరులు చేసినవి కొలుస్తూ బతికిన తనను, చేతులున్న మనిషిగా చూసినవాడు స్టాన్ ఒక్కడే. ఆ మెషిన్ అతని చేతులమీదుగా తన ఇంటికి రావాలి. అలాగే ఆ మనిషి కళ్ల ముందు తను పొరపాటున కూడా నవ్వులపాలు కాకూడదు. ఈ రెండు కోరికలకూ నడుమ శనివారం వచ్చి కూర్చుంది.

"ఆదివారం పొద్దున్నే వస్తే?" అన్నాడు.

"ఆదివారం నువ్వు నిద్ర లేచేసరికి నేను వర్జీనియా దాటుతుంటాను. గ్యారేజ్ తాళం శనివారం సాయంత్రమే ఇల్లు కొన్నవాళ్లకిచ్చేయాలి."

"రేపు?"

"రేపు దాని మీద చివరి పని ఉంది, పక్కింటాయనకు మాటిచ్చాను. అయినా రేపు నీకు రాత్రిదాకా ఓవర్‌టైమ్ కదా?"

నిజం చెప్పేస్తే సరిపోయేది. కాని రింగుల గ్రహం ఒకటి తన ఇంటి గుమ్మం మీద కన్నేసి ఉందని, న్యూజెర్సీలో, టూల్‌రూమ్‌లో, పగటిపూట, ఒక ఇంజనీరు ఎలా చెబుతాడు? గోంగూర పచ్చడికే అంతసేపు నవ్వారు.

"శనివారం మా ఇంటికి చుట్టాలు వస్తున్నారు," అన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నట్లుంది ఆ జవాబు.

"చుట్టాలు రోజంతా ఉంటారా? ఇది అరగంట పని." స్టాన్ అతని మొహంలోకి చూశాడు. "సరే, నూట ఇరవై," అన్నాడు.

రాజగోపాల్ మాట్లాడలేదు. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం. ఆ టూల్‌రూమ్‌లో దానికి ఏం అర్థం వచ్చిందో అతనికి తెలిసేలోగా స్టాన్ మళ్లీ నోరు విప్పాడు.

"వంద. ఉన్న బెల్టులన్నీ కూడా తీసుకో."

"అది కాదు స్టాన్, ధర గురించి కాదు..."

"డెబ్బై ఐదు."

రాజగోపాల్ చెవులు వేడెక్కాయి. తను బేరమాడుతున్నానని స్టాన్ అనుకుంటున్నాడని అతనికి తోచింది. ఇండియన్లు ప్రతిదానికీ బేరాలాడతారని ఫ్యాక్టరీలో అనుకునే మాట అతను ఎన్నోసార్లు విన్నాడు. కాదని చెప్పాలంటే అసలు కారణం చెప్పాలి. అది చెప్పలేక, ఇది ఒప్పుకోలేక, బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

స్టాన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పోనీలే రాజ్, వదిలేయ్," అన్నాడు మెల్లగా. "మా మేనల్లుడు టెడ్ చాన్నాళ్లుగా అడుగుతున్నాడు. వాడికిస్తాను."

ఆ రోజూ, మర్నాడూ రాజగోపాల్ ఇంట్లో పెదవి విప్పలేదు. శనివారం పొద్దున్న కాఫీ గ్లాసు ముందు మాత్రం ఆపుకోలేకపోయాడు. వసుమతి అంతా వింది. లేచి పొయ్యి మీదున్న నల్లటి పెనం తెచ్చి బల్ల మీద ఠప్పున పెట్టింది.

"ఇది ఏ రోజు కొన్నానో తెలుసా?"

"ఇప్పుడదెందుకు?"

"ఇంగ్లిష్‌టౌన్ సంతలో కొన్నాను. శనివారం. మీరు ఓవర్‌టైమ్‌కి వెళ్లినప్పుడు. తొమ్మిదేళ్లయింది. తొమ్మిదేళ్లుగా మీరు తింటున్న ప్రతి అట్టూ శనివారం ఇనుము మీద వేసిందే. ఏమైంది మీకు? పది పౌండ్లు పెరిగారు."

రాజగోపాల్ పెనం వంక చూశాడు. దాన్ని కొలవడానికి అతని దగ్గర ఏ పరికరమూ లేదు.

"చెప్పకూడదా నాతో?"

"చెబితే అట్లు తినేవారా?" అంది వసుమతి. "ఆచారాన్ని నేను వద్దనడంలేదండీ. ఉంటే ఉండనివ్వండి. కానీ దానికోసం ఆ మనిషికి అబద్ధం చెప్పారు చూడండి, అదీ నాకు నచ్చనిది."

పదమూడేళ్ల విద్య సీరియల్ తింటూ అంతా వింటోంది. "నాన్నా, గెస్ట్స్ ఎవరూ రావట్లేదు కదా?" అంది. "అంకుల్‌కి లై చెప్పారా? వై? జస్ట్ నిజం చెప్పొచ్చు కదా?"

పెళ్లాం తిడితే ఓర్చుకోవచ్చు. కూతురు తిట్టకుండా అడిగిన ప్రశ్నను ఓర్చుకోవడం కష్టం. స్టాన్ ఇంటికి ఫోన్ చేశాడు. ఊరు వదులుతున్నారు కాబట్టి ఫోన్ అప్పటికే తీయించేశారు. చొక్కా మార్చుకుని కారు తీశాడు.

స్టాన్ గ్యారేజ్ తలుపు తెరిచే ఉంది. లోపల నేల ఊడ్చి శుభ్రంగా ఉంది. గ్రైండర్ ఉండే చోట సిమెంటు మీద నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ ఎన్నేళ్లదో నల్లటి దుమ్ము గీత. స్టాన్ బకెట్ బోర్లించుకుని కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"టెడ్ గంట కిందట తీసుకెళ్లాడు," అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని రాజగోపాల్‌కి తెలుసు. అయినా చెప్పాల్సింది చెప్పడానికే వచ్చాడు. చుట్టాలెవరూ రాలేదని చెప్పాడు. తర్వాత అసలు సంగతి ఎత్తుకున్నాడు. ఏలినాటి శనిని ఇంగ్లీషులో చెప్పడం ఎంత కష్టమో అతనికి అప్పుడే తెలిసింది.

"సాటర్న్ అంటే, ఆ రింగులున్న గ్రహమా?" అన్నాడు స్టాన్.

"అదే."

"అది నిన్ను ఇనుము ఇంటికి తీసుకెళ్లొద్దందా?"

"శనివారం మాత్రం."

రాజగోపాల్ కళ్లెత్తకుండా నవ్వు కోసం ఎదురుచూశాడు. నవ్వు రాలేదు.

"అందుకేనా ప్రతివారం కత్తి ఇక్కడ వదిలేసి వెళ్లేవాడివి? మీ ఆవిడకు కత్తులంటే భయమనుకున్నాను."

"ఆవిడకు దేనికీ భయం లేదు."

స్టాన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "మా నాన్న కమ్మరి," అన్నాడు. "గుడ్ ఫ్రైడే రోజు కొలిమి ముట్టించేవాడు కాదు. దేవుణ్ణి మేకులు కొట్టి చంపిన రోజు, ఆ రోజు ఇనుము మీద సుత్తి వేయకూడదు. మా అమ్మ ఇంట్లో కత్తెరలు కూడా దాచేసేది. రెండు వారాల కిందటే కదా గుడ్ ఫ్రైడే? ఆ రోజు నేను ఈ తలుపు తెరవనే లేదు. నాకు అరవై నాలుగేళ్లు, రాజ్. ఎవరు అడుగుతారు నన్ను? అయినా తెరవలేదు." బకెట్ మీద ముందుకు వంగాడు. "నేను నవ్వుతాననుకున్నావా?"

"అవును," అన్నాడు రాజగోపాల్. ఆ ఒక్క మాట అనడానికి అతనికి చాలా బలం కావాల్సివచ్చింది. "నేను బేరమాడుతున్నానని నువ్వు అనుకున్నావు కదా?"

"బేరమా?" స్టాన్ అయోమయంగా చూశాడు. "నీ దగ్గర డబ్బు లేదేమో అనుకున్నాను. ఇల్లు ఉంది, కూతురు ఉంది, చెప్పడానికి సిగ్గుపడుతున్నావని తగ్గించుకుంటూ పోయాను. ఇంకా తగ్గితే ఊరికే ఇవ్వాలి. ఊరికే ఇస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావు. అందుకని టెడ్ పేరు చెప్పాను. వాడు అడగనే లేదు. నేనే ఆ సాయంత్రం ఫోన్ చేసి రమ్మన్నాను."

ఇద్దరూ ఆ నాలుగు రంధ్రాల వంక చూశారు. ఒకరి పరువు ఒకరు కాపాడబోయి మెషిన్‌ని ఎవడో అడగనివాడి ఇంటికి పంపించారు. రాజగోపాల్‌కి ఆ మెషిన్ మళ్లీ దొరకదన్న బాధకంటే, తనను ఇంత మర్యాదగా చూసిన మనిషిని తను నవ్వేవాళ్ల జాబితాలో వేశానన్న బాధ ఎక్కువగా ఉంది. అది పైకే చెప్పాడు. స్టాన్ చెయ్యి ఊపి కొట్టిపారేశాడు.

"టెడ్‌ని వెనక్కి అడగలేను. ఇచ్చేశాను," అన్నాడు. "నువ్వు చెప్పిన ఆ చిన్నదే కొనుక్కో, అంగుళం పట్టీది. దాని బెల్టులు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. నొక్కితే ఆగిపోతుందని దానికి మార్కులు తగ్గించావు కదా? అది దాని తప్పు కాదు. నొక్కకుండా పని చేయడం అదే నేర్పుతుంది నీకు. మొదటి మెషిన్ అలాంటిదే ఉండాలి."

వీడ్కోలు చెప్పుకోవడం ఇద్దరికీ చేతకాదు. చేతులు కలుపుకున్నారు. అవసరమైనదానికంటే ఇంకాస్త సేపు పట్టుకున్నారు.

తిరిగి వస్తూ రాజగోపాల్ ఆ షాపు ముందు కారు ఆపాడు. అదే సేల్స్‌మన్ ఉన్నాడు, అతన్ని గుర్తుపట్టి బిక్కచచ్చిపోయాడు. ఈసారి జేబులోంచి ఉక్కు రాలేదు, చెక్‌బుక్ వచ్చింది. ఏ పెళ్లిచూపులూ లేకుండా రాజగోపాల్ కొన్న మొట్టమొదటి వస్తువు అదే. మధ్యాహ్నం మూడున్నరకు, సైడు తలుపు కాదు, వీధి తలుపు తీసుకుని, గ్రైండర్ పెట్టె ఎత్తుకుని లోపలికి వచ్చాడు. వసుమతి పక్కకు తప్పుకుని దారిచ్చి, "హారతి పట్టనా?" అంది.

ఆదివారమంతా ఆ బక్క మెషిన్ ముందు నిలబడ్డాడు. నొక్కితే మూలుగుతుంది, వదిలితే పరుగెడుతుంది. కత్తిని ముట్టీ ముట్టనట్లు ఆనిస్తూ, రెండుసార్లకొకసారి నీళ్లలో ముంచుతూ, సాయంత్రానికి వసుమతి కత్తి రెండు వైపులా పలచబరిచాడు. ఎక్కడా నీలం తిరగలేదు. రాత్రి బెండకాయ వేపుడు చేసింది. కత్తి గురించి ఆమె ఏమీ అనలేదు, ఆ ఇంట్లో అది పాసైనట్లు లెక్క.

సోమవారం లంచ్ గదిలో రాజగోపాల్ గోడవైపు కుర్చీలో కూర్చుని డబ్బా మూత తీస్తున్నాడు. బల్ల మధ్యలోంచి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే హెక్టర్ కేకేశాడు. "ఏంటి, స్టాన్ మెషిన్ నీకే ఇచ్చాడట కదా? అదృష్టవంతుడివి!"

కుదరలేదు అని ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. ఇన్నేళ్లూ చేసింది అదే. రాజగోపాల్ మూతను పక్కన పెట్టాడు.

"లేదు. పోగొట్టుకున్నాను," అన్నాడు. "శనివారం ఇనుము ఇంటికి తీసుకురాకూడదని మాలో ఒక ఆచారం. స్టాన్ శనివారమే రమ్మన్నాడు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి ఏదో అబద్ధం చెప్పాను. మెషిన్ వాళ్ల మేనల్లుడికి పోయింది."

తినేవాళ్లు తినడం ఆపి తలలు తిప్పారు. హెక్టర్ కనుబొమలు ముడిచి చాలా శ్రద్ధగా ఆలోచించాడు.

"అయితే నీ కారు సంగతేంటి?" అన్నాడు. "అదీ ఇనుమే కదా. శనివారం బయటికి వెళ్తే మళ్లీ ఇంటికి ఎలా వస్తావు? చివరి సందులో పార్క్ చేసి నడుస్తావా?"

రాజగోపాల్ నోరు తెరిచాడు. ఎనిమిది నెలలు పరీక్షించి కొన్న కారు అది. దాని టైర్ల గాలి దగ్గర్నుంచి తలుపుల మందం దాకా అన్నీ అతనికి తెలుసు. అది ఇనుమన్న సంగతి మాత్రం ఇంతవరకూ తట్టలేదు.

బల్లంతా ఘొల్లుమంది. ఎవరో బల్ల మీద చరిచారు, ఎవరికో పొలమారింది. ఈ నవ్వుకు భయపడే అతను ఇన్నేళ్లు గోడ పక్కన తిన్నాడు, చేతికందిన మెషిన్ పోగొట్టుకున్నాడు. తీరా అది వచ్చి మీద పడ్డాక వింటే, అందులో అందరికంటే గట్టిగా నవ్వుతున్న గొంతు తనదే.